షెడ్డు ముచ్చట్లు: తడిసిన బ్రేకులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే అన్నిట్లోనూ వానే. పోయినసారి క్లచ్ గురించి అడిగినాయన కూడా ఇప్పుడు బ్రేకుల గురించే రాశారు. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి ఏడు ఉత్తరాలు తీసుకున్నాను.

ముందుగా ఒక మాట. బండి షెడ్డులోకి వచ్చి "బ్రేక్ బాగోలేదండీ" అనగానే నేను పానా అందుకోను. మూడు సంగతులు అడుగుతాను. ఎప్పుడు చేస్తోంది? మొదటి బ్రేక్‌కేనా, ప్రతి బ్రేక్‌కీనా? ఏ చక్రం దగ్గర? వీటికి సరైన జవాబు దొరికితే సగం రోగం తెలిసినట్టే. వాన నీళ్లు చేసే అల్లరి మామూలుగా పది బ్రేకుల్లో పోతుంది. పోకుండా ఉండిపోయిందంటే చాలాసార్లు అది వానకు ముందే బండిలో ఉంది, వాన దాన్ని బయటపెట్టిందంతే.

ప్రశ్న: రెండు రోజులు ఆగకుండా వాన. కారు ఆరుబయటే ఉంది. మూడో రోజు పొద్దున తీస్తే మొదటి బ్రేక్‌కి గర్రుమని ఇనుము గీసుకున్నట్టు చప్పుడు. ముందు డిస్కులు ఎర్రగా తుప్పు పట్టాయి. ఇద్దరు మెకానిక్కులకి చూపిస్తే ఇద్దరూ డిస్కులు మార్చాలన్నారు. కారు కొని మూడేళ్లే అయింది. మార్చక తప్పదా?

టెన్షన్ పడకండి. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లెం, దాన్ని పోత ఇనుముతో చేస్తారు. బ్రేక్ వేస్తే దాన్ని రెండు వైపులా నొక్కేవి ప్యాడ్లు. ప్యాడు రుద్దుకునే ముఖానికి రంగు వేయడం కుదరదు, నూనె రాయడం అసలే కుదరదు. అందుకే తడి తగిలిన కొన్ని గంటల్లోనే పలచటి ఎర్రపొర వచ్చేస్తుంది. నిన్న షోరూములోంచి తెచ్చిన కారుకైనా వస్తుంది. మీరు విన్న గర్రు చప్పుడు ప్యాడ్లు ఆ పొరని గీకేస్తున్న చప్పుడు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. వెనక బండ్లు లేని చోట నెమ్మదిగా నడుపుతూ ఓ పది సార్లు మామూలుగా బ్రేక్ వేయండి. తర్వాత ఆపి, చక్రం ఊచల మధ్య నుంచి టార్చి వేసి చూడండి. ప్యాడు తగిలే పట్టీ వెండిలా మెరుస్తుంటే సంగతి అయిపోయింది. అంచున సన్నటి తుప్పు గీత మిగిలితే పట్టించుకోకండి, అక్కడ ప్యాడు తగలదు.

అనుమానపడాల్సినవి వేరే ఉన్నాయి. కుడి డిస్కు మెరుస్తూ ఎడమది ఎర్రగానే ఉండిపోతే ఎడమ క్యాలిపర్, అంటే ప్యాడ్లని డిస్కుకి అదిమే బిగింపు, పనిచేయడం లేదు. ఒకే డిస్కు బయటి ముఖం ఎర్రగా, లోపలి ముఖం నున్నగా ఉంటే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేశాయి. అలాంటప్పుడు లోపలి ప్యాడు అరిగి రేకులా అవుతుంది, బయటిది కొత్తదానిలా ఉంటుంది. చాలామంది బయటి ప్యాడు మాత్రం చూసి "ఇంకా బోలెడుంది" అంటారు. అందుకే లోపలిది కూడా చూడమనండి. ప్యాడు మీద మందు (రుద్దుకుని అరిగే పొర) 3 మిల్లీమీటర్లకి దిగితే మార్చేయడం మంచిది.

ఇంకోటి. కారు రోజుల తరబడి కదలకుండా ఉంటే ప్యాడు ఆనుకున్న చోట డిస్కు మీద ముద్ర పడుతుంది. బ్రేక్ వేస్తే చక్రం తిరిగినప్పుడల్లా టక్, టక్ అని కాలికి తెలుస్తుంది. చాలాసార్లు కొన్నాళ్లు నడిపితే పోతుంది. పోకుండా పెడల్ అదురుతూనే ఉంటే అప్పుడు డిస్కు విప్పాలి.

డిస్కు మార్చాలన్నవాళ్లని ఒక్కటి అడగండి: "మందం ఎంతుందో కొలిచి చూపిస్తారా?" ప్రతి డిస్కు మీదా, అంచునో మధ్య గిన్నె మీదో, కనీస మందం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే రెండు నిమిషాల పని. కొలవకుండా ఎర్రరంగు చూసి మార్చమన్నారంటే వాళ్లకి పనిముట్టు లేదు, లేదా ఓపిక లేదు.

ప్రశ్న: నాది డ్రమ్ బ్రేకుల స్కూటర్. నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక బ్రేక్ నొక్కితే ఏమీ పట్టలేదు. గుండె జారిపోయింది. కాసేపటికి మామూలైంది. రిపేరుకి ఇవ్వాలా?

పట్టకపోవడానికి కారణం లోపలికి వెళ్లిన నీళ్లేనమ్మా. డిస్కు ఆరుబయట తిరుగుతుంది కాబట్టి నీళ్లని విసిరేసుకుంటుంది, తడి ప్రభావం ఒక్క క్షణమే. డ్రమ్ము మూతపెట్టిన గిన్నె లాంటిది. నీళ్లు చేరితే వెంటనే బయటికి రావు. లోపలి నుంచి డ్రమ్ముని రుద్దే షూకి, డ్రమ్ముకి మధ్య నీటి పొర ఉన్నంతసేపూ పట్టు దొరకదు.

నీళ్లు దాటిన వెంటనే, ఇంకా వేగం అందుకోకముందే, వెనక ఎవరూ లేరని చూసుకుని రెండు బ్రేకులూ మెత్తగా నొక్కి పట్టి కొంత దూరం నెమ్మదిగా నడపండి. రాపిడికి పుట్టిన వేడి నీటిని ఆరబెడుతుంది. పట్టు తిరిగి వచ్చిందని చేతికి తెలిశాకే వేగం పెంచండి. ఎదురుగా ఏదో అడ్డం వచ్చాక కంగారుగా పరీక్షించుకునే పని కాదిది.

మర్నాడు పొద్దున మాత్రం జాగ్రత్త. అదే డ్రమ్ము ఈసారి ఉల్టా చేస్తుంది. లోపల సన్నగా తుప్పు పట్టి, కొద్దిగా నొక్కితేనే గబుక్కున పట్టేస్తుంది. డ్రమ్ములో రెండు షూల్లో ఒకదాన్ని తిరిగే డ్రమ్మే తనలోకి లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అందుకని మొదటి రెండు మూడు బ్రేకులూ నేరుగా వెళ్తున్నప్పుడే వేయండి, మలుపులో వద్దు.

రిపేరు అవసరమా అంటే, లీవర్ వదిలిచూడండి. టప్పున వెనక్కి వస్తే సరే. బద్ధకంగా వస్తే కేబుల్ తొడుగులోకి నీళ్లు దిగి తుప్పు మొదలైంది. కేబుల్ మార్పించండి.

ప్రశ్న: వాన వారం రోజులు కురిసింది. హ్యాండ్‌బ్రేక్ వేసి పెట్టిన కారు ఇప్పుడు కదలట్లేదు. లీవర్ కిందికి దించాను, గేర్ వేసి క్లచ్ వదిలితే ముందు భాగం లేస్తోంది, వెనక చక్రం తిరగట్లేదు. గట్టిగా రేజ్ చేయమని పక్కింటాయన అంటున్నారు.

వద్దు. పక్కింటాయన లాంటి సలహా విని రేజ్ చేసిన ఒకాయన కారు మా షెడ్డుకి వచ్చింది. ఠప్పుమని పెద్ద చప్పుడుతో కారు కదిలిందట, ఆయన సంతోషపడ్డారు. డ్రమ్ము విప్పితే షూ మీది మందు మొత్తం ఊడి డ్రమ్ముకే అతుక్కుని ఉంది. షూ రేకు బోడిగా మిగిలింది. అలాగే ఇంటి నుంచి షెడ్డు దాకా నడుపుకొచ్చారు.

ముందు ఎక్కడ పట్టిందో తేల్చుకోవాలి. లోపల లీవర్ దించుతుంటే బిగువు లేకుండా వదులుగా జారిపోయిందా? అయితే కేబుల్ తొడుగులో ఇరుక్కుని ఉండొచ్చు. లీవర్ కిందికి వచ్చింది కానీ చక్రం దగ్గరి కొక్కెం వెనక్కి రాలేదన్నమాట. లీవర్ ఎప్పటిలాగే బిగువుగా ఉండి, చక్రం దగ్గర కొక్కెం కూడా వెనక్కి వచ్చి ఉంటే షూలు డ్రమ్ముకి తుప్పుతో అంటుకున్నాయి.

షూలు అంటుకున్నప్పుడు బలం కంటే ఓపిక పనిచేస్తుంది. రేజ్ లేకుండా, క్లచ్ కొద్దిగా వదులుతూ ఒకసారి ముందుకి, ఒకసారి రివర్సులో ఊపండి. రెండు వైపులా నాలుగైదు సార్లు ఊపితే చాలా బండ్లు "టిక్" మని వదిలేస్తాయి. వదలకపోతే మిగతా చక్రాలకి అడ్డం పెట్టి, జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, చక్రం తీసి, డ్రమ్ము ముఖం మీద నట్ల మధ్యలో చెక్క సుత్తితో చుట్టూ తట్టాలి. ఇది అలవాటున్న వాళ్లు చేయాల్సిన పని. వదిలాక ఒకసారి డ్రమ్ము విప్పి దుమ్ము, తుప్పు తుడిపించండి. కేబుల్ అయితే నూనె పోసి సరిపెట్టుకోవద్దు, మార్చాల్సిందే.

ఇకమీదట తడి బండిని నాలుగు రోజులు వదిలేయాల్సి వస్తే, ఆపే ముందు పది నిమిషాలు మెత్తగా బ్రేక్ వేస్తూ నడిపి ఆరబెట్టండి. నేల చదునుగా ఉంటేనే, హ్యాండ్‌బ్రేక్ బదులు గేర్లో వేసి చక్రాలకి రెండు వైపులా గట్టి చెక్క అడ్డాలు పెట్టండి. వాలులో అయితే హ్యాండ్‌బ్రేక్ తప్పదు.

ప్రశ్న: వాన నీళ్లలోంచి వచ్చాక ఏబీఎస్ అని పసుపు లైటు వెలిగింది. బ్రేకులు బాగానే పడుతున్నాయి. రెండు రోజులకి అదే ఆరిపోయింది. వదిలేయొచ్చా?

పసుపు లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, చక్రం బిగుసుకుని జారకుండా కాపాడే ఏర్పాటు (ఏబీఎస్ అంటే అదే) మాత్రం ఉండదు. చక్రం దగ్గర వేగం కనిపెట్టే సెన్సార్ ఉంటుంది. దాని ప్లగ్గులోకి నీళ్లు చేరినా, కొసకి బురద పట్టినా కంప్యూటర్ "నాకు లెక్క తెలియట్లేదు" అని లైటు వేసేస్తుంది. నీళ్లు ఆరాక లైటూ ఆరింది.

ఆరిందని వదిలేస్తే వచ్చే వానకి మళ్లీ వస్తుంది, ఆ తర్వాత పోదు. ఎందుకంటే ప్లగ్గు లోపల పిన్నులకి పచ్చగా చిలుము మొదలై ఉంటుంది. లైటు ఆరిపోయినా చాలా బండ్లలో ఏ చక్రం సెన్సారో జ్ఞాపకం ఉండిపోతుంది. స్కానర్ పెట్టిస్తే చెప్పేస్తుంది. తెలిస్తే ఒక్క చక్రం దగ్గర ప్లగ్గు విప్పి, శుభ్రం చేసి, రబ్బరు సీలు చూసుకుంటే సరిపోవచ్చు. నాలుగు సెన్సార్లూ మార్చేద్దామనే వాళ్ల మాట వినకండి.

పసుపుతో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే కథ వేరు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించారా, ఆయిల్ మట్టం తగ్గిందా చూడండి. అవి సరిగ్గా ఉండీ రెండూ వెలుగుతుంటే బండి ఆపేసి మోయించుకుని తీసుకెళ్లండి. ఇంకో మాట, జారే రోడ్డు మీద గట్టిగా నొక్కినప్పుడు పెడల్ గుడగుడమని కాలిని తన్నడం రోగం కాదు. అది ఏబీఎస్ పనిచేస్తున్న చప్పుడు, కాలు తీయకండి. ఇదే సంగతి అడిగిన మరో ముగ్గురికి కూడా ఇదే జవాబు.

ప్రశ్న: కుటుంబంతో ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ స్పాంజిలా మెత్తబడి కింది దాకా వెళ్లిపోయింది. అరగంట ఆగితే మళ్లీ బాగుంది. బ్రేక్ ఆయిల్‌లో వాన నీళ్లు కలిశాయని ఒకరు, ఆయిల్ మరిగిందని ఇంకొకరు అన్నారు. వానాకాలం చల్లగా ఉంటే ఆయిల్ ఎలా మరుగుతుంది?

ఇద్దరూ నిజమే చెప్పారు, చెరి సగం.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అందులో నూనె గుణం లేదు. గాలిలోని తేమని పీల్చుకునే ద్రవం అది. వాన కురిసిన రోజే నీళ్లు డబ్బాలోకి దిగిపోవు. రబ్బరు గొట్టాల గుండా, మూతకున్న గాలి దారి గుండా, నెలల తరబడి తేమ కొద్దికొద్దిగా చేరుతుంది. కొత్త డాట్ 3 అనే రకం ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అదే ద్రవానికి కనీస హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 కి ఈ అంకెలు 230, 155. తేడా చూశారా?

ఘాట్ దిగేటప్పుడు నిండు బండిని బ్రేకుతోనే పట్టుకుంటూ వస్తే ప్యాడ్లు, డిస్కులు బాగా వేడెక్కుతాయి. ఆ వేడి క్యాలిపర్ పిస్టన్ దాటి ద్రవానికి చేరుతుంది. బయట వాన పడుతున్నా లోపల ఆ మూల కాలుతూనే ఉంటుంది. పాత ద్రవం అక్కడ మరిగి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. మీరు తొక్కిన పెడల్ బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోయింది. అరగంటలో చల్లారి బుడగలు కరిగాయి, పెడల్ తిరిగొచ్చింది. బాగైపోయిందని మాత్రం అనుకోకండి.

పెడల్ చెప్పే మాటలు వేరువేరుగా ఉంటాయి. వేడెక్కితే మెత్తబడి, చల్లారితే గట్టిపడితే ద్రవం మరిగింది. ఎప్పుడూ మెత్తగానే ఉండి, రెండు మూడు సార్లు పంపు చేస్తే పైకి వస్తే పైపుల్లో గాలి ఉండొచ్చు. ఆగి ఉన్నప్పుడు తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతూ ఉంటే, బయట ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవాన్ని పైపుల్లోకి నెట్టేది) లోపలి రబ్బర్లు పోయాయి. పెడల్ రాయిలా గట్టిపడితే కాలి బలానికి తోడు బలం ఇచ్చే బూస్టర్ వైపు చూడాలి. దానికో పరీక్ష ఉంది: ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కండి, తొక్కే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరో, దాని వాక్యూమ్ గొట్టమో పోయింది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే కూడా బూస్టర్ బలం ఒకటి రెండు తొక్కుళ్లకే వస్తుంది, ఆపైన చాలా ఎక్కువ బలంతో తొక్కాలి.

మీ బండికి ద్రవం మొత్తం మార్పించండి. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. రంగు చూసి నిర్ణయించకండి, తేమ కొలిచే చిన్న పెన్ను లాంటి పరికరం ఉంటుంది. ఎప్పుడో మూత తీసి అటక మీద పెట్టిన సీసాలోది పోయొద్దు, అది ఈపాటికి నీళ్లు తాగేసి ఉంటుంది. డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే. డాట్ 5 అనేది సిలికాన్, దాన్ని మిగతావాటితో కలపకూడదు. దిగేటప్పుడు చిన్న గేర్లో దిగండి, ఇంజినే సగం బరువు పట్టుకుంటుంది.

ప్రశ్న: అన్నా, వాన తర్వాత బైక్ ముందు డిస్కు కీచుకీచుమంటుంటే చైన్‌కి కొట్టే స్ప్రే కొట్టాను. చప్పుడు పోయింది, బ్రేక్ కూడా పోయింది!

తమ్ముడూ, రెండూ పోవాల్సిందే కదా. చప్పుడు రాపిడిది, బ్రేకూ రాపిడిదే. బండి నడపకు. డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, శుభ్రమైన గుడ్డతో గుడ్డకి నలుపు అంటనంత వరకూ తుడువు. ప్యాడ్లు నూనె పీల్చేసి ఉంటాయి. వాటిని కాల్చితే బాగవుతాయని, ఎమరీ పేపర్‌తో రుద్దితే చాలని చెప్పేవాళ్లుంటారు. కొత్తవి వేయించుకో. వాన మర్నాటి పొద్దున కీచుమనడం తేమ వల్ల, నాలుగు బ్రేకుల్లో పోతుంది. ఎండ రోజు కూడా ఆగకుండా కీచుమంటే ప్యాడు అరిగిందేమో చూడు.

నిన్ను ఎక్కువ తిట్టే హక్కు నాకు లేదులే. పని నేర్చుకునే రోజుల్లో నేను క్యాలిపర్ పిన్నులకి బేరింగు గ్రీజు పూసి చక్కగా బిగించాను. కొద్ది రోజులకే రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్నులు పట్టేశాయి. మామూలు గ్రీజు, ఇంజినాయిలు ఆ రబ్బర్లకి విషం. మా గురువు ఉబ్బిన తొడుగు నా జేబులో పెట్టి "దగ్గరుంచుకో" అన్నారు. పిన్నులకి వాటి సిలికాన్ గ్రీజే వేయాలని ఆ రోజు తెలిసింది.

ప్రశ్న: మోకాలి లోతు బురద నీళ్లలోంచి కారు వచ్చింది. అప్పట్నుంచి బ్రేక్ వేస్తే ఎడమకి లాగుతోంది, మాడిన వాసన కూడా. టైర్లలో గాలి చూశాను, సమానంగానే ఉంది.

ఈ ఉత్తరం చివరికి ఉంచాను. ఇక్కడ మెకానిక్కులు కూడా తప్పు చక్రం విప్పుతారు. ఎడమకి లాగడానికి రెండు దారులున్నాయి. ఎడమ చక్రం ఎక్కువ పట్టొచ్చు, లేదా కుడి చక్రం తక్కువ పట్టొచ్చు. మాడిన వాసన ఉంది కాబట్టి నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. కానీ పందెం కట్టను.

కారు చల్లగా ఉన్నప్పుడు బయల్దేరి, బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ, ఖాళీ రోడ్డు మీద కొద్ది దూరం నడపండి. చివర గేర్లతో తగ్గించి, దానంతట అది ఆగేలా ఆపండి. అరచేతి వెనక భాగం ఒక్కో చక్రం దగ్గరికి తీసుకెళ్లి సెగ చూడండి. డిస్కుని ముట్టుకోవద్దు, చర్మం ఊడిపోతుంది. రెండు ముందు చక్రాలూ ఒకేలా ఉండాలి. ఎడమది పొయ్యిలా ఉంటే అది బ్రేక్ వదలడం లేదు. రెండూ చల్లగా ఉండి, బ్రేక్ వేసినప్పుడే లాగుతుంటే కుడి క్యాలిపర్ సంగతి చూడాలి.

ఎడమదే వేడెక్కితే షెడ్డులో జాకీ మీద లేపి చక్రం చేత్తో తిప్పి చూస్తారు. బిగుసుకుని ఉంటే ఒక చిన్న పని చేయమనండి. ఆ క్యాలిపర్ మీది గాలి తీసే నిపుల్ కొంచెం వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైపోతే లోపల ఒత్తిడి ఇరుక్కుంది, అంటే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వడం లేదు, లేదా మాస్టర్ సిలిండర్ వదలడం లేదు. నిపుల్ వదిలినా చక్రం వదలకపోతే పిస్టన్ పట్టేసింది, లేదా పిన్నులు. బురద నీళ్లు చిరిగిన తొడుగులోంచి దూరి ఉంటాయి. ఈ పరీక్ష తర్వాత తప్పకుండా గాలి తీసి ఆయిల్ మట్టం సరిచేయాలి.

వెనక డ్రమ్ములు కూడా విప్పించండి, ఒండ్రు పేరుకుని ఉంటుంది. డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య గులకరాయి ఉందేమో చూడండి, అది ఉంటే బ్రేక్ వేయకపోయినా గీసుకుంటూనే ఉంటుంది. చక్రం బేరింగుల్లోకి నీళ్లు దిగాయేమో చూడమనండి, దిగితే వేగంతో పాటు హూఁ అనే మోత పెరుగుతుంది.

గొట్టమే పోయిందని తేలితే రెండూ మార్పించండి. కుడి వైపు గొట్టం వయసూ అంతే.